చేపల తొట్టి లైటుకు మీ లొకేషన్ ఎందుకు?

ప్రశ్న: నెల క్రితం రెండడుగుల అక్వేరియం కొని మొక్కలు నాటాను. ఫోన్ యాప్‌తో నడిచే ఎల్‌ఈడీ లైటు బిగించి ‘ఆటో’ మోడ్‌లో వదిలేశాను. మూడో వారానికల్లా అద్దాలకు పాచి, ఆకులకు వెంట్రుకల్లాంటి నాచు పట్టాయి. యాప్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి? పాచి తినే సకర్ ఫిష్ వేస్తే పోతుందా? – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ మధ్య ఇదే ప్రశ్న ఊరి పేరు మార్చుకుని వస్తూనే ఉంది. ముందు ఆ ‘ఆటో’ సంగతి చూద్దాం. లైటు మీ మొక్కల్ని గమనించి వెలుతురు సర్దుతుందనుకుంటున్నారేమో, అంత తెలివి దానికి లేదు. నేను చూసిన లైట్లలో ‘ఆటో’ అంటే ఫ్యాక్టరీలో రాసిపెట్టిన టైమ్‌టేబుల్, అంతే. పొద్దున్నే వెలగడం, చీకటి పడ్డాక ఆరడం, మధ్యలో ఫుల్ బ్రైట్‌నెస్. షోరూమ్‌లో చేపలు మెరవడానికి అది బాగుంటుంది. మీ తొట్టిలో మొక్కలు ఇంకా వేళ్లూనుకోలేదు. పైగా నర్సరీల్లో చాలా మొక్కల్ని నీళ్ల బయటే పెంచుతారు కాబట్టి, నీళ్లలోకి వచ్చాక పాత ఆకులు రాల్చి కొత్తవి వేసుకునే పనిలో ఉంటాయి. అవి వాడుకోలేని వెలుతురునీ పోషకాలనీ నాచు తినేస్తుంది.

మాన్యువల్‌లోకి వెళ్లి రోజుకు 6 గంటలు, సగం బ్రైట్‌నెస్ పెట్టండి. ఓ నెల అలాగే ఉంచి, కొత్త ఆకులు శుభ్రంగా వస్తుంటే వారానికో అరగంట పెంచుతూ 8 గంటల దగ్గర ఆపండి. వారానికి రెండుసార్లు మూడో వంతు నీళ్లు మార్చండి. వెంట్రుకల నాచును పాత టూత్‌బ్రష్‌కు చుట్టి లాగితే ఊడొస్తుంది. హార్న్‌వర్ట్‌లాంటి త్వరగా పెరిగే మొక్క నాలుగు కాడలు వేస్తే పోషకాల్ని అదే లాగేసుకుంటుంది. అద్దం మీద గోధుమరంగు పొడిలా కనిపించేది కొత్త తొట్టిలో మామూలే. దానంతటదే తగ్గుతుంది, టెన్షన్ వద్దు.

ఇప్పుడు అసలు అనుమానం. మీ ఇంట్లో కరెంటు ఎన్నిసార్లు పోతుంది? రాత్రి పదింటికి లైటు ప్లగ్ తీసి, నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. ధగధగా వెలిగిందా, దొంగ దొరికినట్టే. కొన్ని లైట్లు కరెంటు పోగానే గడియారం మరిచిపోయి, రాగానే నూటికి నూరు శాతంతో మొదలవుతాయి. ఇంకొన్నిటిలో టైమ్‌టేబుల్ లైటులో ఉండదు, తయారీదారు సర్వర్‌లో ఉంటుంది. ఆ సమయానికి వైఫై లేకపోతే ‘ఆరిపో’ అనే ఆజ్ఞ రాదు, లైటు తెల్లవార్లూ వెలుగుతుంది. మీరు పడుకున్నాక జరిగేది మీకేం తెలుస్తుంది? పాచికి తెలుస్తుంది.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ యాప్ ఏమేం అడిగిందో గుర్తుందా? లొకేషన్ వరకు కొంత అర్థం చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే లొకేషన్ అనుమతి ఇవ్వాల్సిందే. 12 నుంచి ‘నియర్‌బై డివైసెస్’ అనే అనుమతి వేరుగా వచ్చింది. అయినా కొన్ని యాప్‌లు పాత అలవాటు మానలేదు. సెటప్ అప్పుడు ‘ఈసారికి మాత్రమే’ అని ఇచ్చి, తర్వాత తీసేయండి. కాంటాక్టులు, మైక్ అడిగితే మాత్రం ఏ సాకూ చెల్లదు. చేపల తొట్టి లైటుకు మీ మేనమామ నంబరుతో పనేంటి?

తొట్టిలోంచి ఇంట్లోకి దొంగ వస్తాడా అని నవ్వకండి. ఉత్తర అమెరికాలో ఓ కేసినోకి అలాగే వచ్చాడు. నీటి ఉష్ణోగ్రత, శుభ్రత చూడ్డానికి అక్కడి అక్వేరియానికి ఇంటర్నెట్ సెన్సర్లు పెట్టారు. హ్యాకర్లు వాటిగుండా లోపలి నెట్‌వర్క్‌లోకి దూరి, సుమారు 10 జీబీ డేటాను ఫిన్లాండ్‌లోని ఓ పరికరానికి పంపేశారు. 2017లో బయటపడింది. అంతకు ముందు ఏడాది ‘మిరాయ్’ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్ని, రౌటర్లని లక్షల్లో పట్టేసి పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే పడగొట్టింది. అందుకే రౌటర్‌లో ‘గెస్ట్ నెట్‌వర్క్’ (అసలు నెట్‌వర్క్‌తో కలవని వేరే వైఫై) ఆన్ చేసి, లైటునీ, స్మార్ట్ ప్లగ్ ఉంటే దాన్నీ అందులోకి మార్చండి. మీరు బ్యాంకు పనులు చేసే ఫోను, లాప్‌టాప్ అసలు నెట్‌వర్క్‌లోనే ఉండాలి. చాలామంది పాఠకులు ఇది చదివి ‘రేపు చూద్దాం’ అనుకుంటారని నాకు తెలుసు. పది నిమిషాల పని, ఇవాళే చేయండి.

నా కడుపుమంట కూడా చెప్పుకోనివ్వండి. నా తొట్టి లైటుకు ఓ పొద్దున అప్‌డేట్ వచ్చింది. అప్పటిదాకా అకౌంట్ లేకుండా పనిచేసిన యాప్, ఫోన్ నంబరు ఇచ్చి ఓటీపీ కొడితే తప్ప తెరుచుకోనంది. లైటు మీద స్విచ్ లేదు. ఓటీపీ రాలేదు. రెండు రోజులు ప్లగ్ పీకుతూ పెడుతూ గడిపాను. లైటుకు స్విచ్ పెట్టడం పాతకాలపు పని అని ఈ డిజైనర్లకు ఎవరు చెప్పారో! రేపు ఆ కంపెనీ సర్వర్ మూసేస్తే, మూడు వేలు పోసి కొన్నది కర్ర కింద లెక్క.

చివరికి నేను చేసింది చెబుతాను. యాప్ లేని మామూలు ఎల్‌ఈడీ, దానికో డిజిటల్ టైమర్. లోపల చిన్న బ్యాటరీ ఉన్నదే కొనండి, కరెంటు పోయినా టైమ్ మరిచిపోదు. తిప్పే డయల్ ఉన్నవి కరెంటుతో పాటే ఆగిపోతాయి. గంటన్నర పోతే మీ లైటు గంటన్నర ఆలస్యంగా నడుస్తుంది.

ఇక సకర్ ఫిష్. వద్దు. అడుగు దాటి పెరుగుతుంది, వేళ్లూనని మొక్కల్ని పెకిలిస్తుంది. పెద్దదయ్యాక జనం దాన్ని తీసుకెళ్లి కాలువలో పడేస్తారు. మన చెరువుల్లో ఇప్పటికే చేరి జాలర్ల వలలు చింపుతున్నది అదే. ఈపాటికే కొనేసి ఉంటే, షాపువాడినే వెనక్కి తీసుకోమనండి.