సమాంతర సంధానంలో ఏ నిరోధకానికి ఎంత కరెంటు?

ప్రశ్న: పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఇచ్చిన లెక్కలో 4, 6, 12 ఓమ్‌ల నిరోధకాలను సమాంతరంగా కలిపి 12 వోల్టుల బ్యాటరీకి తగిలించారు. ఫలిత నిరోధం 2 ఓమ్‌లని, కరెంటు 6 ఆంపియర్లని తను తేల్చింది. ఆ 6 ఆంపియర్లూ ప్రతి నిరోధకంలోనూ ప్రవహిస్తాయా, లేక తలా రెండేసి పంచుకుంటాయా? నిరోధకాలు పెరిగేకొద్దీ మొత్తం నిరోధం తగ్గడమేమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి తేల్చిన అంకెలు రెండూ సరైనవే కాని, మీరనుకున్న రెండు పంపకాల్లో ఏదీ సరికాదు. సమాంతర సంధానంలో ప్రతి నిరోధకం కొసలూ నేరుగా బ్యాటరీ ధ్రువాలకే చేరతాయి కనుక, పక్కన మరెన్ని ఉన్నా, ఒక్కొక్క దాని మీద పూర్తి 12 వోల్టులూ పడతాయి. కాబట్టి ఓమ్ నియమాన్ని ఒక్కో శాఖకు విడిగా వర్తింపజేస్తే చాలు: 12ను 4తో భాగిస్తే 3 ఆంపియర్లు, 6తో భాగిస్తే 2, 12తో భాగిస్తే 1. జంక్షన్‌లోకి వచ్చే కరెంటూ అక్కడి నుంచి వెళ్లే కరెంటూ సమానమన్న కిర్కాఫ్ నియమం ప్రకారం, ఈ మూడింటి మొత్తమైన 6 ఆంపియర్లే బ్యాటరీ నుంచి వస్తాయి. పిల్లలకు వ్యుత్క్రమాల సూత్రం కన్నా ముందు ఈ పద్ధతే నేర్పడం మేలని నా అభిప్రాయం. సూత్రంతో మొదలుపెట్టినవారు 1/4, 1/6, 1/12 కూడగా వచ్చిన 1/2నే నిరోధమనుకొని, తిరగేయడం మరచి, 24 ఆంపియర్లని రాసేస్తుంటారు.

ఇక రెండో సందేహం. కొత్త నిరోధకం పాత దారికి అడ్డు రాదు, పక్కన మరో దారి తెరుస్తుంది. 12 ఓమ్‌లది లేనప్పుడు మొత్తం కరెంటు 5 ఆంపియర్లు, ఫలిత నిరోధం 2.4 ఓమ్‌లు, దాన్ని చేర్చాక పాత శాఖల్లో ఏ మార్పూ లేకుండానే మరో ఆంపియరు అదనంగా ప్రవహిస్తుంది. అందుకే ఫలిత నిరోధం ఎప్పుడూ అన్నింటిలోకీ చిన్న నిరోధకం కన్నా తక్కువగానే ఉంటుంది. ఈ లెక్కలో జవాబు 4 దాటిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, 1500 వాట్ల కెటిల్ కలిపి పెడితే, 230 వోల్టుల దగ్గర మొత్తం కరెంటు దాదాపు 10.9 ఆంపియర్లకు చేరి, 6 ఆంపియర్ల ప్లగ్గు వేడెక్కేదీ ఇందువల్లనే.

ఇదంతా బ్యాటరీ అంతర్నిరోధాన్ని వదిలేసినప్పటి మాట. అది 0.5 ఓమ్ ఉంటే కరెంటు 4.8 ఆంపియర్లకు, శాఖల మీది వోల్టేజీ 9.6కు తగ్గుతాయి గాని, వాటాల నిష్పత్తి మారదు.

చేసి చూడాలనుకుంటే మాత్రం ఇవే విలువలు వాడకండి. 4 ఓమ్‌ల దానిలోనే 36 వాట్ల వేడి పుడుతుంది, బజారులో దొరికే పావు వాటు నిరోధకం క్షణాల్లో మాడిపోతుంది. ఓమ్‌లకు బదులు కిలో ఓమ్‌లు తీసుకుంటే ఇవే అంకెలు మిల్లీ ఆంపియర్లలో వస్తాయి.