షెడ్డు కంటే ముందు లేబరు బిల్లు చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. కాగితం మిల్లులో ఫిట్టరుగా పనిచేస్తున్నాను. చేతికి 46,000 జీతం వస్తుంది. ఇంట్లో స్విఫ్టు కారు ఉంది. ఈ మధ్యనే పార్వతీపురంలో మా బంధువుల దగ్గర 2008 నాటి మారుతి 800 కొన్నాను. సెలవు రోజుల్లో రెండింటి పనీ నేనే చేసుకునేలా ఇంటి పక్క రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలని ఉంది. రెండు స్తంభాల లిఫ్టు 1,35,000, కంప్రెసరు 22,000, పనిముట్లు 38,000, వెల్డింగు సెట్టు 12,000, నేలకూ కరెంటుకూ 33,000, అన్నీ కలిపి 2,40,000 అవుతోంది. మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకోవాలా, లేక బ్యాంకులో ఉన్న రెండున్నర లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకోవాలా? పోయిన ఏడాది కార్ల మరమ్మతులకు 31,000 అయింది. ఆ బిల్లులు పంపుతున్నాను.

జవాబు: మీరు చెప్పిన రెండు దారులూ వద్దు. వర్క్‌షాపు మాత్రం పెట్టుకోండి. మిల్లులో రోజూ పానా పట్టే చేతికి కారు పని కొత్తేమీ కాదు. కాకపోతే అది 2,40,000తో మొదలు కాకూడదు.

మీ బిల్లులన్నీ ముందేసుకుని చూశాను. 31,000లో ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ కలిపి 20,000. పని మీరు చేసినా, మెకానిక్కు చేసినా వీటి ఖర్చు తప్పదు. మిగిలిన 11,000 లేబరు. అందులోనూ ఏసీ గ్యాసు, వీల్ అలైన్‌మెంటు లాంటివి ఇంట్లో అయ్యే పనులు కావు, వాటికి 3,000 తీసేయాలి. విడిభాగాలను విజయనగరంలోనో విశాఖలోనో మీరే కొనుక్కుంటే ఇంకో రెండు వేలు కలిసిరావచ్చు. మొత్తం మీద ఏడాదికి మిగిలేది 10,000. ఆ లెక్కన పెట్టుబడి తిరిగి రావడానికి 24 ఏళ్లు పడుతుంది.

అప్పు చేస్తే ఇంకా భారం. 14 శాతం వడ్డీకి మూడేళ్ల రుణమంటే నెలకు సుమారు 8,200 కట్టాలి. వడ్డీయే 55,000 దాటుతుంది. డిపాజిట్ తీసేయడం చవకగా కనిపిస్తుంది కానీ, ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా 2,40,000 మీద ఏడాదికి 15,600 వస్తుంది. అంటే మీరు ఆదా చేసే 10,000 కోసం 15,600 వదులుకుంటున్నారు. పైగా ఇంటికి ఆపద వస్తే మీ చేతిలో ఉన్నది ఆ డిపాజిట్ ఒక్కటే. అది మీ అయిదు నెలల జీతం. దాన్ని కదపకండి.

లిఫ్టు విషయంలో డబ్బుతో పాటు చోటు కూడా చూడాలి. కారు ఎత్తు అయిదడుగులు, దాని కింద మీరు నిలబడాలంటే మరో ఆరడుగులు. పదకొండు, పన్నెండు అడుగుల కప్పు లేనిదే లిఫ్టు పెట్టి ప్రయోజనం లేదు. స్తంభాల బోల్టులు దిగడానికి మందమైన కాంక్రీటు కావాలి, మామూలు గచ్చు ఆగదు. మీ 33,000 అంచనాలో కప్పు ఎత్తించే ఖర్చు లేదు.

నా సలహా ఇది. మొదటి విడతకు 25,000 మించవద్దు. అందులో ముందుగా కొనాల్సినవి మూడు టన్నుల హైడ్రాలిక్ జాకీ, జాకీతో లేపిన బండిని కింద నుంచి మోసే నాలుగు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, పొడి రకం అగ్నిమాపక సిలిండరు. సాకెట్ సెట్టు, రింగు పానాలు, బోల్టును ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచి, మల్టీమీటరు వాటి తరువాతే. మీరు రాసిన జాబితాలో స్టాండ్ల పేరే లేదు, అది చూసి నాకు మనసు కుదురుగా లేదు.

మా మేనమామకు సాలూరులో లారీల షెడ్డు ఉండేది. నా వేసవి సెలవులు అక్కడే గడిచేవి. ఒక సాయంత్రం వాన వెలిశాక, జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఒక కుర్రాడు దూరాడు. తడి నేలలో జాకీ అడుగు ఒక పక్కకు దిగబడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు, నెమ్మదిగా ఒరిగింది. కుర్రాడు ఒళ్లు లాక్కున్నాడు కానీ పాదం ఉండిపోయింది. ఆసుపత్రి ఖర్చూ, రెండు నెలల కూలీ మామయ్యే పెట్టుకున్నాడు. మరునాడే దుంగలు తెప్పించి, బండి కింద అవి పెట్టనిదే ఎవరినీ దూరనివ్వలేదు. రెండు నెలలు జీతం ఆగితే మీ ఇల్లు ఎలా నడుస్తుందో ఆలోచించి, వ్యక్తిగత ప్రమాద బీమా లేకపోతే వెంటనే తీసుకోండి. దాని ప్రీమియం కూడా వర్క్‌షాపు ఖర్చు కిందే రాసుకోండి.

తరువాతి పనిముట్లను జాబితా చూసి కాకుండా, పని పడినప్పుడు కొనండి. బేరింగును ఊడలాగే పుల్లరు లాంటివి ఏడాదికి ఒకసారి కావాలంటే అద్దెకో, తెలిసినవారి దగ్గర చేబదులుకో దొరుకుతాయి. ఒకే పనికి మూడోసారి అడగాల్సి వస్తే అప్పుడు సొంతంగా కొనుక్కోండి.

నెలకు 1,500 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ వేయండి. చేతికి వచ్చే 18,000లో సగం కొత్త పనిముట్లకు, సగం ఉన్నవాటి పోషణకు. ఈ రెండో సగాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలోనే తడి ఉంటుంది, రేకుల షెడ్డులో ఇనుము రాత్రికి రాత్రే చెమరుస్తుంది. వాడిన పానాను తుడిచి, పలచగా నూనె గుడ్డ రాసి పెట్టెలో పెట్టాలి. టార్క్ రెంచిని అతి తక్కువ అంకెకు తిప్పి దాచాలి, లేకపోతే లోపలి స్ప్రింగు కొలత తప్పుతుంది. ఎప్పుడైనా కంప్రెసరు కొంటే, పని ముగిశాక గాలి తగ్గించి ట్యాంకు అడుగున ఉన్న కుళాయి విప్పి చూడండి. వానాకాలంలో టీ డికాషను రంగు నీళ్లు బుసబుసమంటూ వస్తాయి. ఆ నీటిని లోపలే వదిలేస్తే ట్యాంకు తుప్పు పట్టి పలచబడుతుంది. అలాంటి ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. వాడేసిన ఇంజను ఆయిలును డబ్బాలో దాచి, అధీకృత సేకరణదారుకు ఇవ్వండి. కాలువలో పోస్తే అది చేరేది నాగావళికే. పాత బ్యాటరీని పారేయకుండా కొత్తది కొనేటప్పుడు ఇచ్చి ధర తగ్గించుకోండి.

మారుతి 800 గురించి మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. ఆంధ్ర రిజిస్ట్రేషన్ ఉన్న బండి ఒడిశాలో పన్నెండు నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ రోడ్డు పన్ను కావాలి. పైగా ఆ బండికి పదిహేనేళ్లు దాటాయి. 2022 ఏప్రిల్ నుంచి అలాంటి కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 నుంచి 5,000కు పెరిగింది. ఫిట్‌నెస్ పరీక్ష కూడా నెగ్గాలి. ఈ కాగితాలు తేలకముందు ఆ కారు ఇంజను విప్పకండి, దానికోసం ఏ పనిముట్టూ కొనకండి.

ఇరుగుపొరుగు కార్లు డబ్బు తీసుకుని బాగుచేసే ఆలోచన ఉంటే అది వేరే లెక్క. ఆ రాబడిని వ్యాపార ఆదాయంగా చూపాలి. పరాయి బండికి మీ షెడ్డులో నష్టం జరిగితే మామూలు ఇంటి బీమా ఆదుకుంటుందని అనుకోవద్దు. మిల్లు ఉద్యోగ నిబంధనలు కూడా ముందే చూసుకోండి.

ఏడాది పాటు చేసిన ప్రతి పనికీ తేదీ, విడిభాగాల ఖర్చు, బయట అడిగే లేబరు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకం పేజీలు పంపితే కంప్రెసరు కొనవచ్చో లేదో అప్పుడు లెక్క చూసి చెబుతాను.