శిక్షణలోని పదాలకూ పరీక్షలోని పదాలకూ పొంతన ఎలా కుదర్చాలి?

అర్జీలను వర్గాలుగా విడదీసేందుకు శ్రీకాకుళం జిల్లా రైతుల అర్జీలతో తయారు చేసిన కంప్యూటర్ మోడల్‌కు విజయనగరం అర్జీలు ఇస్తే కాలమ్‌ల సంఖ్య సరిపోలేదని ఎర్రర్ వస్తోందని అడిగారు. రెండు చోట్లా విడివిడిగా ఫిట్ చేయడమే, అంటే పదానికో కాలమ్ చొప్పున పదాల జాబితాను వేర్వేరుగా తయారు చేయడమే కారణం.

మోడల్‌కు పదాలు తెలియవు, కాలమ్ స్థానాలే తెలుసు. శ్రీకాకుళం పట్టికలో మూడో కాలమ్ ‘జీడి’ అయితే, విజయనగరం పట్టికలో ఆ స్థానంలో ‘గోగు’ ఉండవచ్చు. ఎర్రర్ రావడమే నయం. సంఖ్య సరిపోయి ఉంటే గోగును జీడిగా లెక్కగట్టేది, మీకు తెలిసేది కూడా కాదు.

పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో, పదాలను లెక్కపెట్టి పట్టిక వేసే కౌంట్‌వెక్టరైజర్‌ను శిక్షణ అర్జీలపై మాత్రమే ఫిట్ చేయండి. కొత్తవాటికి అదే వెక్టరైజర్‌తో ట్రాన్స్‌ఫార్మ్ (పాత జాబితా ప్రకారమే లెక్కపెట్టడం) చాలు. కొత్త అర్జీలో లేని పదానికి సున్నా పడుతుంది, శిక్షణలో లేని పదం రాలిపోతుంది. ఆర్ భాషలోని క్వాంటెడా ప్యాకేజీలో ఈ పనికి డీఎఫ్ఎం_మ్యాచ్ ఫంక్షన్ ఉంది.

తెలుగు పాఠానికి ఇంకో చిక్కుంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. కౌంట్‌వెక్టరైజర్ పదాలను విడగొట్టే మామూలు నియమం (టోకెన్ ప్యాటర్న్) గుణింతపు గుర్తులనూ పొల్లునూ అక్షరాలుగా గుర్తించదు, ఒంటరి అక్షరాలను వదిలేస్తుంది. అందుకే ‘జీడిపప్పు’ తునకలై ‘పప’ ఒక్కటే మిగులుతుంది! విరామ చిహ్నాలు ముందే తీసేసి, ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టేలా టోకెన్ ప్యాటర్న్ మార్చండి. ఆ తర్వాత పదాల జాబితాను ఒకసారి కళ్లారా చూడండి.

రాలిపోయే పదాల్లో ‘గోగు’ లాంటి ముఖ్యమైనవి ఉంటే, కొన్ని విజయనగరం అర్జీలకు మీరే వర్గం గుర్తించి శిక్షణలో కలిపి మళ్లీ ఫిట్ చేయాలి. వాటిని పరీక్షలోంచి తప్పించడం మరవకండి.