గాజుతో మొదలుపెట్టు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

గోళాల మీద ఫైనైట్ గ్రూపుల యాక్షన్లు (పరిమిత సంఖ్యలో ఉండే కదలికల గుంపు గోళాన్ని ఎలా కదుపుతుందన్నది) టాపిక్‌గా ఇచ్చారనీ, పేపర్ రెండో పేజీ దాటడం లేదనీ మొన్న ఫోన్లో ఒకటే టెన్షన్ పడ్డావు. ఆ పేపర్ మూసెయ్. చేతి గాజు ఒకటి తీసి బల్ల మీద పెట్టు.

దాని మీద సమదూరంలో ఐదు చుక్కలు పెట్టు. చుక్కల మధ్య ఐదు ముక్కలు వస్తాయి. గాజును ఒక చుక్క మేర తిప్పడాన్ని టీ అనుకో. ఒక ముక్కకు బౌండరీ తీస్తే, అంటే చివరి చుక్కలోంచి మొదటి చుక్క తీసేస్తే, టీ మైనస్ ఒకటి. ఐదు ముక్కలూ కూడితే బౌండరీ సున్నా. చుక్కలు ఒక ఫ్రీ మాడ్యూలు (ఒక్క చుక్కను తిప్పుతూ పోతే అన్నీ వచ్చే, వాటి మధ్య వేరే సంబంధం లేని లెక్క), ముక్కలు ఇంకొకటి, మధ్య ఒక మ్యాపు. గాజు తీసేసినా ఈ లెక్క మిగులుతుంది, మీవాళ్ళు ఆల్జీబ్రాయిక్ మోడల్ అనేది దీన్నే. ఇలాంటివి రెండు కొసకు కొస అతికిస్తే మూడు డైమెన్షన్ల గోళానికి మోడల్ వస్తుంది. చేత్తోనే రాయి, కంప్యూటర్ సంగతి తర్వాత.

ఆ తర్వాత ఎస్ త్రీ, అంటే మూడు వస్తువుల్ని తారుమారు చేసే గ్రూపు, పట్టుకో. ఆరు మూలకాలే గదా అని తేలిగ్గా తీసుకోకు, ఇక్కడ నెల రోజులు ఆగినా నష్టం లేదు. దాని కోహోమాలజీ, అంటే గ్రూపు నుంచి మెట్టుకొకటిగా లెక్కగట్టే ఆల్జీబ్రా గుర్తులు, పీరియడ్ 4: ప్రతి నాలుగు మెట్లకూ అవే తిరిగొస్తాయి. కోహోమాలజీ ఇలా తిరిగి తిరిగి వచ్చే గ్రూపు ఏదైనా, హోమోటోపీ లెక్కన (సాగదీసి, నొక్కి మార్చుకోవచ్చంటే) గోళమే అయిన ఒక స్పేస్ మీద ఫ్రీగా, అంటే ఐడెంటిటీ తప్ప ప్రతి మూలకమూ ప్రతి పాయింటునూ కదిపేలా, యాక్ట్ చేస్తుందని 1960లో స్వాన్ చూపించాడు. మరి అసలు గోళం మీద? దానికి 1957లోనే మిల్నర్ అడ్డం కొట్టాడు: ఆర్డర్ 2 ఉన్న మూలకం గ్రూపులో అన్నిటితోనూ కమ్యూట్ అయి (ఏది ముందు చేసినా ఫలితం ఒకటే అయి) తీరాలి. ఎస్ త్రీలో అలాంటి మూలకాలు మూడున్నాయి, ఒక్కటీ అందరితో కలవదు. అంటే చెయిన్ కాంప్లెక్స్, గాజు దగ్గర రాసినలాంటి మాడ్యూళ్ళ వరస, నీ చేతికొచ్చినా గోళం రాలేదు. ఏ గ్రూపులకు నిజంగా వస్తుందో 1976లో మాడ్సన్, థామస్, వాల్ తేల్చారు. వాళ్ళ పేపర్ ఇప్పుడే ముట్టుకోకు.

మధ్యలో ఒక గుంట ఉంది, నేను పడ్డాను. స్వాన్ పద్ధతిలో ముందు దొరికేవి ప్రొజెక్టివ్ మాడ్యూళ్ళు, అంటే ఫ్రీ మాడ్యూళ్ళలోంచి విడదీసిన ముక్కలు. వాటిని ఫ్రీ అనుకుని రెండు నెలలు లెక్కలు చేసి, నోట్సు మొత్తం చించేశాను. కాంప్లెక్స్ ఫైనైట్ అవుతుందా కాదా అన్న ప్రశ్నంతా ఆ తేడాలోనే ఉంది. ఎస్ త్రీకి ఆ తేడాను కొలిచే గ్రూపే సున్నా కాబట్టి బతికిపోతాం. అన్నిసార్లూ అలా కుదరదు.

ఫిక్స్‌డ్ పాయింట్లు, అంటే కదలని పాయింట్లు, ఉన్న కేసుకు ఒక్క ఉదాహరణ చాలు. బత్తాయిని మూడు అక్షాల చుట్టూ సగం సగం తిప్పు. ఏమీ తిప్పకపోవడంతో కలిపి నాలుగు మూలకాల గ్రూపు. ఒక్కో తిప్పుడుకూ రెండేసి పాయింట్లు కదలవు, మూడింటికీ కదలనిది ఒక్కటీ లేదు. ఈ గ్రూపు ఏ గోళం మీదా ఫ్రీగా యాక్ట్ చెయ్యలేదు. అందుకని ఒక్కో సబ్‌గ్రూపుకూ ఏం కదలలేదో విడివిడిగా రాసుకోవాలి. ఆర్బిట్ కేటగిరీ అని భయపెడతారుగానీ, పని మాత్రం ఇదే.

ఆదివారం విజయవాడ నుంచి వచ్చేటప్పుడు నోట్సు తెచ్చుకో. క్వాటర్నియన్ గ్రూపుకు, ప్లస్ మైనస్ ఒకటి, ఐ, జే, కే అనే ఎనిమిది మూలకాలది, కాంప్లెక్స్ నువ్వే రాసి ఉండాలి. పెద్దమ్మ గోంగూర పచ్చడి చేస్తానంది. లెక్క చూపించాకే భోజనం.

మీ పెదనాన్న