మలబార్ వేప నాటే ముందు చూసుకోవాల్సిన కాగితాలు

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాన్న పేరు మీద 5 ఎకరాలుంది. అందులో 2 ఎకరాలు డీకేటీ పట్టా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి), మిగతా 3 తాత నుంచి వచ్చినవి, ఇంకా ఎవరూ పంచుకోలేదు. చెరకు మానేశాం, కూలీలు దొరకడం లేదు, అందుకే మొత్తం మలబార్ వేప వేద్దామనుకుంటున్నాం. ఒక నర్సరీ కంపెనీ మొక్కలు అమ్మి, ఏడేళ్ల తర్వాత కలప తామే కొంటామని 100 రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు ఇస్తోంది. దాని కాపీ పంపుతున్నాను. గట్ల మీద ఎర్రచందనం కూడా పెట్టమంటున్నారు. కోయడానికి పర్మిషన్ కావాలా? వచ్చిన డబ్బుకు పన్ను ఉంటుందా? అక్క, తమ్ముడు సంతకం పెట్టాలా? పక్క చేను వాళ్లు నీడ పడుతుందని ఇప్పటి నుంచే గొణుగుతున్నారు, వాళ్లకు ఏం చెప్పాలి?

జవాబు: అక్క, తమ్ముడి సంగతి అన్నిటికంటే పెద్దది, కానీ కంపెనీ వాళ్లు సంతకానికి తొందర పెడుతున్నట్టున్నారు కాబట్టి ముందు మీరు పంపిన అగ్రిమెంటు గురించే చెప్తాను. ఇప్పుడున్నది ఉన్నట్టుగా దాని మీద సంతకం పెట్టొద్దు.

ఎందుకంటే, నాలుగో షరతు చూడండి. "కోత సమయంలో మార్కెట్ పరిస్థితిని బట్టి కంపెనీ నిర్ణయించు ధరకు" అని ఉంది. అంటే ధర వాళ్లిష్టం. ఆరో షరతులో "తగిన చుట్టుకొలత, నాణ్యత గల కలప మాత్రమే" అన్నారు. తగిన అంటే ఎన్ని అంగుళాలు, నేల నుంచి ఎంత ఎత్తులో టేపు పెట్టి కొలవాలి, వంకర మాను వస్తే ఏం చేస్తారు, అవేవీ లేవు. ఏడేళ్లకు లారీ మీ చేనుకు వచ్చాక వాళ్ల మేస్త్రీ టేపు తీసి సగం మాన్లు "సైజు లేదు సార్" అని పక్కన పెడితే, ఈ కాగితం పట్టుకుని మీరు చేయగలిగింది చాలా తక్కువ. కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ ప్రకారం అర్థం తేలని ఒప్పందం చెల్లదు, ఇక్కడ వాళ్ల బాధ్యత మాత్రమే తేలకుండా రాసుకున్నారు. మీరు బయటివాళ్లకు అమ్మకూడదన్న షరతు మాత్రం స్పష్టంగా, లావు అక్షరాల్లో ఉంది. ఎవరు రాశారో గానీ పనిమంతుడే.

కాబట్టి కనీస ధర టన్నుకు ఇంత అని అంకెల్లో రాయించండి, చుట్టుకొలత, కొలిచే ఎత్తు, కోత కూలి, రవాణా ఎవరివి, కోతకు సిద్ధం అని మీరు నోటీసు ఇచ్చిన ఎన్ని రోజుల్లో వాళ్లు రావాలి, రాకపోతే మీరు ఎవరికైనా అమ్ముకుని తేడా వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చు, ఇవన్నీ ఉండాలి. ఇవి రాయమంటే వాళ్లు వెనక్కి తగ్గితే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికినట్టు. ఇక 100 రూపాయల స్టాంపు కాగితం అనగానే మన వాళ్లు కోర్టు ఆర్డరు చేతికొచ్చినంత ధైర్యంగా ఉంటారు. స్టాంపు ప్రభుత్వానికి కట్టే సుంకం, అంతే. లోపలి మాటల్లో బలం లేకపోతే ఎన్ని స్టాంపులు అంటించినా ఒకటే.

తొమ్మిదో షరతులో వివాదాలన్నీ వాళ్ల ఊరి కోర్టులోనే అని రాశారు. సివిల్ దావాకు అది ఇబ్బందే. అయితే మొక్కలు నాసివని, చెప్పిన రకం కాదని తేలితే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు తామున్న చోటే వేయొచ్చు, అంటే మీరు చిత్తూరులోనే వేసుకోవచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. "రైతు లాభం కోసం పండిస్తాడు కాబట్టి వినియోగదారుడు కాడు" అని కంపెనీల లాయర్లు వాదిస్తుంటారు, ఆ వాదనను నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లోనే తోసిపుచ్చింది, అది కూడా మన ఆంధ్ర రైతుల కేసే, పంటను తిరిగి కొంటామన్న ఒప్పందం ఉన్నవాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది. గడువు మాత్రం 2 ఏళ్లు. మొక్క తేడా నాలుగో ఏట బయటపడితే తెలిసిన రోజు నుంచి లెక్క అని మనం వాదిస్తాం, వాళ్లు కొన్న రోజు నుంచి అంటారు, కాబట్టి అనుమానం వచ్చిన వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, ఉద్యాన శాఖ వాళ్లను పిలిచి చూపించి కాగితం చేయించుకోండి. నర్సరీ బిల్లు, రకం పేరు రాసిన రసీదు, చెట్లు కొట్టే దాకా దాచాలి. వాట్సాప్‌లో వచ్చిన రేట్ల మెసేజీలు కూడా.

ఇప్పుడు పదకొండో షరతు. మీరు దాన్ని గమనించలేదనుకుంటాను. "కోత వరకు తోట కంపెనీ స్వాధీనంలో, పర్యవేక్షణలో ఉండును" అని ఉంది. మీ 2 ఎకరాల డీకేటీ ఇక్కడ ఇరుక్కుంటుంది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, లీజు, స్వాధీనం అప్పగించే ఎలాంటి ఏర్పాటైనా అందులోకే వస్తుంది, అట్లా చేసింది చెల్లదు, పైగా భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకునే అధికారం ఉంది. 20 ఏళ్లు దాటిన పట్టాలను అమ్ముకోవచ్చని 2023లో సవరణ వచ్చిన మాట నిజమే కానీ, మీ సర్వే నంబరు ఇంకా 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ ఆపిన భూముల జాబితా) ఉందా లేదా అన్నది తహసీల్దారు దగ్గర తేల్చుకోకుండా ఆ సవరణను నమ్ముకోవద్దు. డీకేటీ భూమిలో మీ నాన్న చెట్లు పెంచుకోవచ్చు, ఎవరూ కాదనరు. కంపెనీ చేతిలో పెట్టినట్టు మాత్రం కాగితం పుట్టకూడదు. ఆ 2 ఎకరాలను అగ్రిమెంటు నుంచే తీసెయ్యమనండి. మిగతా 3 ఎకరాలకైనా స్వాధీనం అన్న మాట వద్దు, ఏడేళ్ల స్వాధీనం అంటే అది లీజే, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి, కాకపోతే రేపు కోర్టులో దాన్ని చూపించుకోలేక ఇద్దరూ ఇబ్బంది పడతారు.

అక్క, తమ్ముడి విషయం. "తాత నుంచి వచ్చింది" అని ఒక్క ముక్కలో రాశారు, ఎట్లా వచ్చింది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. తాత సొంతంగా కొన్న భూమి అయ్యుండి, ఆయన 1956 (హిందూ వారసత్వ చట్టం వచ్చిన ఏడాది) తర్వాత వీలునామా రాయకుండా పోతే, నాన్నకు వచ్చిన వాటా నాన్న సొంత ఆస్తి, ఆయన బతికుండగా మీ ముగ్గురికీ అందులో హక్కు లేదు, ఆయన ఒక్కరి సంతకం చాలు. (నాన్నకు తోబుట్టువులుంటే అది వేరే కథ, వాళ్ల వాటాలు తేలాయో లేదో చూడాలి.) అట్లా కాకుండా ముత్తాతల నుంచి ఉమ్మడిగా వస్తున్న భూమి అయితే మీకు, తమ్ముడికి, అక్కకు పుట్టుకతోనే వాటా ఉంది. ఆడపిల్లకు ఏముందిలే అనుకోవద్దు. మన రాష్ట్రం 1985 నుంచే పెళ్లికాని కూతుళ్లకు సమాన వాటా ఇచ్చింది, 2005లో కేంద్రం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది, 2020లో సుప్రీంకోర్టు వచ్చి 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని తేల్చేసింది.

చట్టం లెక్కలో చెట్టు నేలతో పాటే పోతుంది. బోరు మీరు వేయించి, డ్రిప్పు మీరు పరిచి, ఏడేళ్లు మీరే కలుపు తీయించి పెంచినా, పంపకాల దావా పడిందంటే ఆ భాగం నాకే కేటాయించండి, ఖర్చు లెక్కలోకి తీసుకోండి అని మీరు అడుక్కోవాలి. న్యాయంగా ఉంటే కోర్టు వింటుంది, కానీ ఈలోగా స్టే వస్తుంది, మాన్లు అక్కడే నిలబడిపోతాయి, కొనేవాడు వేరే తోటకు పోతాడు. వరికి ఇట్లా జరగదు, నాలుగు నెలల్లో కోసుకుని ఇంటికి తెచ్చేస్తారు. కలప పంటలో గొడవ సరిగ్గా డబ్బు కనపడే రోజుకే వస్తుంది, అంతదాకా అందరూ మంచివాళ్లే. కాబట్టి వీలైతే మొక్కలు నాటడానికి ముందే భాగపరిష్కారం (పంపకాల దస్తావేజు) రాసుకుని రిజిస్టర్ చేయించండి. అంత దూరం ఇప్పుడే వద్దనుకుంటే కనీసం "ఫలానా సర్వే నంబరులో ఫలానా వ్యక్తి సొంత ఖర్చుతో నాటుతున్న మలబార్ వేప కలప ఆదాయం ఇంత వంతున ఎవరెవరికి" అని రాసి అక్క, తమ్ముడు, నాన్న సంతకాలు, ఇద్దరు సాక్షులతో పెట్టుకోండి. అక్కకు కూడా కొంత రాయండి, ఆమె అడగకపోయినా.

కోత పర్మిషన్ గురించి. పట్టా భూమిలో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, కలప రోడ్డెక్కాలంటే అటవీ శాఖ రవాణా నిబంధనలున్నాయి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ వాల్టా కోత అనుమతి అక్కర్లేని జాతుల్లో ఉన్నాయి, అందుకే వాటిని రైతులు కొట్టి పంపేస్తుంటారు. ఈ మినహాయింపు జాబితా జీవోలతో మారుతుంటుంది, కాబట్టి మలబార్ వేపకు కోత అనుమతి, రవాణా పర్మిట్ కావాలో అక్కర్లేదో మీ అటవీ రేంజ్ ఆఫీసులో ఇప్పుడే అర్జీ ఇచ్చి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నోటి మాట వద్దు, ఏడేళ్లలో ఆ ఆఫీసరు ఎక్కడుంటాడో. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. మీరున్న చోటి నుంచి లారీ ఎటు తిరిగినా కాసేపటికే తమిళనాడో కర్ణాటకో వస్తుంది. రాష్ట్రం దాటే కలప కోసం కేంద్రం 2023 డిసెంబరులో దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ ట్రాన్సిట్ పాస్ పద్ధతి తెచ్చింది. 2025 జూన్‌లో పొలాల్లో పెంచిన చెట్ల కోతకు నమూనా నిబంధనలు కూడా రాష్ట్రాలకు పంపింది, రాష్ట్రం అమలు చేస్తేనే అవి మీకు పనికొస్తాయి. ఏ పద్ధతి వచ్చినా మొదట అడిగేది ఈ చెట్లు మీవే, మీ నేలలోవే అన్న రుజువు. అందుకని నాటిన ఏడాది నుంచే ప్రభుత్వ సాగు రికార్డులైన ఈ-పంటలో, అడంగల్‌లో మలబార్ వేప అని ఎక్కించండి, ప్రతి ఏడూ ఎక్కిందో లేదో చూసుకోండి. రేపు రోడ్డుకు భూమి పోయినా (మీ వైపు బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చూశారు కదా) చెట్ల విలువ విడిగా కట్టి ఇవ్వాలని 2013 భూసేకరణ చట్టం చెప్తుంది, అప్పుడూ అడిగేది అడంగలే.

ఎర్రచందనం వద్దని నా సలహా. నాటడం నేరం కాదు. కానీ అది ఏడేళ్ల పంట కాదు, చేవ రావడానికి పాతికేళ్లు ఆగాలి, కొట్టడానికి, కదిలించడానికి, అమ్మడానికి అన్నిటికీ అటవీ శాఖ కాగితం కావాలి. తిరుపతిలో దాని కోసమే టాస్క్‌ఫోర్స్ ఉంది, అటవీ చట్టానికి 2016లో వచ్చిన సవరణతో శిక్షలు బాగా పెరిగాయి. మీ గట్టు మీద చెట్టును రాత్రికి రాత్రి ఎవరో నరుక్కుపోయినా ముందు ప్రశ్నలు మిమ్మల్నే అడుగుతారు. అంత టెన్షన్ ఎందుకు చెప్పండి. పెట్టే తీరాలంటే మొక్కల బిల్లుతో సహా నాటినప్పుడే అటవీ శాఖకు తెలియజేసి రసీదు తీసుకోండి.

పన్ను సంగతి తేలికే. మీరే దున్ని, నాటి, పెంచిన చెట్ల ఆదాయం వ్యవసాయ ఆదాయమే, పన్ను లేదు. తనంతట తాను మొలిచిన అడవి చెట్లకు ఆ మినహాయింపు రాదని సుప్రీంకోర్టు 1957లోనే తేడా చూపించింది, కాబట్టి దుక్కి, మొక్కలు, కూలి ఖర్చుల రసీదులు ఉంచుకోండి. ఒక మెలిక ఉంది, మీలో ఎవరికైనా జీతమో వ్యాపారమో ఉంటే, ఆ ఆదాయం మీద పన్ను రేటు లెక్కకట్టేటప్పుడు వ్యవసాయ ఆదాయాన్ని కూడా కలిపి చూస్తారు, ఏడేళ్ల డబ్బు ఒకే ఏడాది వస్తుంది కాబట్టి ఆ సంవత్సరం జీతం మీద పన్ను కాస్త పెరగొచ్చు. కోత రెండు మూడు విడతలుగా పెట్టుకుంటే కొంత సర్దుకుంటుంది.

మధ్యలో డబ్బు అవసరమై నాలుగో ఏటే ఎవరికైనా నిలువు చెట్లు అమ్మి, "ఇంకో మూడేళ్లు పెరగనిచ్చి కొట్టుకో" అంటే మాత్రం జాగ్రత్త. వెంటనే కొట్టే చెట్టు చరాస్తి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నేలలో ఇంకా పెరగడానికి వదిలిన చెట్టు స్థిరాస్తే అని శాంతాబాయి కేసులో 1958లో సుప్రీంకోర్టు చెప్పింది, అట్లాంటి అమ్మకం రిజిస్టర్ కావాలి.

పక్క చేను వాళ్లు మిమ్మల్ని చెట్లు వేయొద్దని ఆపలేరు. వాళ్ల హద్దులోకి వచ్చిన కొమ్మను మీ చేనులోకి అడుగు పెట్టకుండా కొట్టుకునే హక్కు మాత్రం వాళ్లకు ఉంది, దానికి మీరు కేసు పెట్టలేరు. గట్టు వెంబడి ఒక వరుస వదిలేసి, ఆ మాట ముందే వాళ్లకు చెప్పండి, సగం గొణుగుడు తగ్గుతుంది. కరెంటు తీగల కింద కూడా వేయొద్దు. లైను ముందు నుంచీ ఉండి చెట్టు తర్వాత వస్తే, కొట్టేసినా నష్టపరిహారం రాదు, విద్యుత్ చట్టం 68వ సెక్షన్ అదే చెప్తుంది. ఇంకోటి, పలమనేరు వైపు నుంచి ఏనుగులు దిగుతాయని కంచెకు లైను కరెంటు పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే అసలు వినొద్దు, ఏనుగు చచ్చినా మనిషి చచ్చినా జైలే.

అగ్రిమెంటు మార్పులకు కంపెనీ ఒప్పుకుంటే కొత్త కాపీ పంపండి, సంతకానికి ముందు చూస్తాను. దాంతో పాటు నాన్న పాసు పుస్తకం, 1-బీ (భూమి హక్కుల రికార్డు), తాత పేరున్న పాత అడంగల్ కూడా పంపితే ఆ 3 ఎకరాలు ఉమ్మడివా కాదా తేల్చి చెప్పగలను.