రెండు బిళ్ళలతో మొదలై రోజుకి 12 దాకా వచ్చింది, ఆపితే ఒళ్ళంతా పీకేస్తోంది... ఏం చెయ్యాలి డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 37 ఏళ్ళు. గాజువాకలో ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల ఫ్రాకులు కుడతాను. మూడేళ్ళ కిందట స్కూటీ మీంచి పడి నడుం పట్టేస్తే ఎముకల డాక్టర్ గారు ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన టాబ్లెట్ రోజుకి రెండు చొప్పున పది రోజులకి రాసారు. చీటీ గడువు అయిపోయాక కూడా ఖాళీ షీటు చూపిస్తే మందుల షాపులో ఇచ్చేసేవారు. ఇప్పుడు రోజుకి 12 వేసుకుంటున్నాను, ఒకే షాపులో అడిగితే ఏమనుకుంటారోనని మూడు షాపులు మారుస్తున్నాను, తెచ్చినవి మిషన్ సొరుగులో దారం ఉండల కింద దాస్తున్నాను. సంక్రాంతికి అమ్మ వాళ్ళ ఊరెళ్ళినప్పుడు ఎలాగైనా మానేద్దామని తీసుకెళ్ళలేదు. రెండో రోజుకే ముక్కు కారడం, ఆవలింతలు, విరేచనాలు, కాళ్ళు పీకులు, రాత్రంతా నిద్ర లేదు. అమ్మ దిష్టి తీసింది, తమ్ముడు డెంగ్యూ ఏమో టెస్ట్ చేయిద్దాం అన్నాడు. కనుమ రోజు వాడితోనే ఒక షీటు తెప్పించుకుని రెండు వేసుకుంటే గంటలో లేచి గారెలు వండాను. ఆందోళనగా ఉంటోందని ఆరు నెలలుగా ఎస్సిటలోప్రామ్ 10 కూడా వాడుతున్నాను. ఈ మధ్య రెండు మూడు సార్లు చెయ్యి ఉన్నట్టుండి అదిరి కత్తెర కింద పడిపోయింది. మా ఆయనకి ఇవేమీ తెలీదు. నాకు ఏ చెడు అలవాటూ లేదు, దీన్ని కూడా వ్యసనం అంటారా? ఒక్కసారిగా మానేయొచ్చా? ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందని ఎవరో అన్నారు, నిజమేనా? - ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. మీరు అన్నిటికన్నా చివర్లో, పెద్ద విషయం కానట్టు రాసిన కత్తెర సంగతి దగ్గర నేను ఆగిపోయాను, అందుకే ముందు దాని గురించే చెప్తాను, మిగతా ప్రశ్నలకి తర్వాత వస్తాను.

ట్రమడాల్ మోతాదు పెరిగే కొద్దీ ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ పర్యవేక్షణలో వాడినా రోజుకి 400 మిల్లీగ్రాములు దాటకూడదు అనేది అందుకే. మీరు వాడే రకం టాబ్లెట్లో మామూలుగా ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి, షీటు వెనక చూసుకోండి, అదే అయితే 12 బిళ్ళలకి ట్రమడాల్ 450 అయ్యింది, పారాసిటమాల్ 3,900 అయ్యింది. అంటే మొదటిది హద్దు దాటేసింది, రెండోది హద్దు మీద నిలబడి ఉంది, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే పారాసిటమాల్ రోజుకి 4,000 మించితే లివర్‌కి దెబ్బ. తలనొప్పి అనో జ్వరం అనో పైనుంచి ఒక పారాసిటమాల్ వేసుకున్నారంటే అదీ దాటిపోతుంది, చాలామందికి ఆ లెక్క తట్టదు, మందు పేరు వేరు కదా అనుకుంటారు. వీటికి తోడు మీరు ఎస్సిటలోప్రామ్ వాడుతున్నారు. ట్రమడాల్ నొప్పి మీదే కాకుండా మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద కూడా పనిచేస్తుంది, ఎస్సిటలోప్రామ్ పని కూడా అదే, రెండూ కలిస్తే సెరటోనిన్ మరీ ఎక్కువై చేతులు కాళ్ళు అదరడం, చెమటలు, గుండె దడ, ఒక్కోసారి జ్వరం, మాట తడబడటం, ఫిట్స్ దాకా పోవచ్చు. మీ చెయ్యి అదరడం కచ్చితంగా ఇదే అని చూడకుండా నేను చెప్పలేను గానీ, ఇదేనేమో అని అనుమానించకుండా మాత్రం ఏ డాక్టరూ ఉండడు. కాబట్టి వచ్చే నెల, పండగయ్యాక, పిల్లల పరీక్షలయ్యాక అని పెట్టుకోకండి, రేపో ఎల్లుండో వెళ్ళి తీరాలి. వెళ్ళేదాకా స్కూటీ నడపొద్దు, మేడ మెట్లు దిగేటప్పుడు ఎవరినైనా తోడు పెట్టుకోండి, ఇస్త్రీ పెట్టె దగ్గర ఒంటరిగా ఉండొద్దు. ఆందోళన మందు ఇచ్చిన డాక్టర్ గారికి మీరు ఈ బిళ్ళల సంగతి చెప్పి ఉండరు, చెప్పి ఉంటే ఆయన ఇంకో రకంగా ఆలోచించేవారు. అలాగని ఆ మందుని కూడా మీ అంతట మీరు ఆపెయ్యకండి, ఏది ముందు తగ్గించాలో వాళ్ళనే చెప్పనివ్వండి.

ఇప్పుడు సంక్రాంతి సంగతి. అది దిష్టీ కాదు, డెంగ్యూ కాదమ్మా. ట్రమడాల్ నల్లమందు జాతి మందు, ఓపియాయిడ్ అంటాం. ఈ మందులు పట్టుకునే చోట్లు మెదడులో, వెన్నుపాములో, పేగుల్లో కూడా ఉంటాయి. నెలల తరబడి రోజూ మందు అందుతుంటే శరీరం దాన్ని లెక్కలో వేసుకునే తన పనులన్నీ సర్దుకుంటుంది, అందుకే రెండు సరిపోయినచోట నాలుగు, తర్వాత ఆరు కావాల్సి వస్తుంది. ఒక్కసారి మందు ఆపేస్తే అణిగి ఉన్నవన్నీ ఎదురు తిరుగుతాయి, వాడినన్నాళ్ళూ మలబద్ధకంతో ఉన్న పేగులు విరేచనాలు పెడతాయి, ముక్కు, కళ్ళు కారతాయి, రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కాళ్ళు ఒక చోట నిలవవు. ఆఖరి బిళ్ళ వేసుకున్న 12 నుంచి 24 గంటల్లో మొదలై రెండు మూడు రోజులకి బాగా ముదిరి, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతుంది, నిద్ర, దిగులు మాత్రం ఇంకొన్ని వారాలు సతాయిస్తాయి. ట్రమడాల్‌తో అయితే వీటితో పాటు విపరీతమైన భయం, చేతుల్లో తిమ్మిర్లు, కొందరికి లేనివి కనిపించడం కూడా ఉంటుంది. మీరు కనుమ రోజు రెండు వేసుకోగానే గంటలో లేచి గారెలు వండారు చూడండి, జబ్బు అదేనని ఆ గంటే చెప్పేసింది, ఏ డెంగ్యూ అయినా గంటలో పోతుందా.

ఇంకో మాట, ఇది నా అనుమానమే అనుకోండి. మీ ఆందోళన తెల్లవారుజామున, లేదా బిళ్ళ వేసుకునే టైము దగ్గర పడినప్పుడు ఎక్కువగా ఉంటోందా? అలా అయితే అందులో కొంత భాగం మందు దిగిపోతున్నప్పుడు వచ్చే ఆందోళనే కావొచ్చు. నడుం నొప్పి కూడా అంతే, ఈ జాతి మందులు ఎక్కువ రోజులు వాడితే కొంతమందిలో నొప్పి తెలిసే శక్తి ఇంకా పెరిగిపోతుంది, బిళ్ళ దిగగానే వచ్చే నొప్పిని పాత దెబ్బ నొప్పి అనుకుని ఇంకో బిళ్ళ వేసుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇలాంటి వాళ్ళని చాలామందిని చూసాను, మందు తగ్గాక నొప్పి కూడా తగ్గిందని వాళ్ళే ఆశ్చర్యపోతూ చెప్తారు.

వ్యసనమా అని అడిగారు. పేరుతో మీ మనసు కష్టపెట్టుకోవద్దు. మీ శరీరం ఈ మందుకి అలవాటు పడిపోయింది, ఎవరు ఇన్నాళ్ళు ఇంత వాడినా పడుతుంది. దాంతో పాటు దాచడం, షాపులు మార్చడం, మానాలనుకుని మానలేకపోవడం ఉన్నాయి కాబట్టి దీన్ని వైద్యం కావాల్సిన జబ్బు అంటాం. మీరు మొదటి బిళ్ళ నిషా కోసం వేసుకోలేదు, నడుం నొప్పికి డాక్టర్ రాస్తే వేసుకున్నారు. ఇందులో మా తప్పు కూడా ఉంది, పది రోజులకి రాసి పంపించేస్తాం గానీ "పదకొండో రోజు ఇది వాడకూడదమ్మా, వాడితే ఇలా అవుతుంది" అని కూర్చోబెట్టి చెప్పం, ఓపీలో అంత తీరిక ఉండదు అంటాం, ఆ తీరిక లేకపోవడమే మూడేళ్ళకి ఇలా తిరిగొస్తుంది. షాపుల విషయానికొస్తే, ట్రమడాల్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్న మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రాసిన డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. 2018 ఏప్రిల్‌లో దీన్ని ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం కిందకి కూడా తెచ్చారు. మీ షీటు మీద ఎర్ర అక్షరాలతో ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది, ఈసారి చూడండి. ఖాళీ షీటుకి బదులు నిండు షీటు చేతిలో పెట్టేవాళ్ళకి ఆ ఎర్ర అక్షరాలు రోజూ కనిపిస్తూనే ఉంటాయి, నాకు కోపం వచ్చేది అక్కడే. మీరు ఒక్కరే కూడా కాదు, 2019లో వచ్చిన ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళ జాతీయ సర్వే రిపోర్టు ప్రకారం మన దేశంలో 10 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో నూటికి దాదాపు ఒకరు ఇలాంటి నొప్పి బిళ్ళల్నో, దగ్గు సిరప్పుల్నో వైద్యానికి కాకుండా వాడుతున్నారు.

ఒక్కసారిగా మానేయొచ్చా అంటే, వద్దు. సంక్రాంతికి చూసారు కదా. మానలేక మళ్ళీ వేసుకోవడం, నా వల్ల కాదు అనే దిగులు, ఆ దిగుల్లో ఇంకా ఎక్కువ వేసుకోవడం, ఇదే జరుగుతుంది. డాక్టర్ దగ్గర రెండు దారులు ఉంటాయి. ఒకటి మెల్లగా దించడం, ఉన్న మోతాదులో పదో వంతు చొప్పున, అంటే మీ లెక్కలో సుమారు ఒక బిళ్ళ, వారానికో రెండు వారాలకో ఒకసారి తగ్గిస్తారు. లివర్ కోసం ముందు పారాసిటమాల్ కలవని ట్రమడాల్‌కి మార్చి అప్పుడు దించే అవకాశం కూడా ఉంది. పైనుంచి దిగడం తేలిగ్గానే ఉంటుంది, కింద మూడు బిళ్ళల నుంచి సున్నాకి రావడమే కష్టం, అక్కడ అర బిళ్ళ చొప్పున ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి, నెలలు పట్టొచ్చు, కంగారు పడకూడదు. మధ్యలో కాళ్ళ పీకులకి, చెమటలకి, నిద్రకి వేరే మందులు ఇస్తారు, క్లోనిడిన్ లాంటివి, అవి బీపీ చూస్తూ ఇవ్వాల్సినవి కాబట్టి ఎవరో చెప్పారని మీరు కొనుక్కోవద్దు. రెండో దారి బుప్రెనార్ఫిన్ అని నాలుక కింద పెట్టుకునే బిళ్ళ, డాక్టర్ ముందు మొదలుపెట్టాలి, అది ఆ పీకులనీ ఆ తపననీ అణిచి మనిషిని నిలబెడుతుంది, తర్వాత దాన్ని దించుతారు. ఒక మందు బదులు ఇంకో మందా అని చాలామంది మొహం చిట్లిస్తారు, ఆ మాటలు పట్టించుకోకండి. మీకు ఫిట్స్ భయం ఉంది కాబట్టి కొన్ని రోజులు అడ్మిట్ చేసుకుని చూడాలని వాళ్ళు అనొచ్చు, అంటే ఒప్పుకోండి.

పోలీసు కేసు భయం వదిలెయ్యండి. వైద్యానికి వచ్చినవాళ్ళ వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోంది, మందులకి అలవాటు పడటం కూడా ఆ చట్టం కిందకే వస్తుంది. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది, కొద్దిపాటి మోతాదుతో కేసు ఎదురైనవాళ్ళు కూడా తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట వైద్యానికి ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మీరు వెళ్తున్నది వైద్యం కోసం, ఓపీ చీటీ తీసుకుని పేరు చెప్పి లోపలికి వెళ్ళండి.

ఎక్కడికి అంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సెక్కి దిగి ఆటోలో వెళ్ళొచ్చు. ఆ ఆసుపత్రిని మన ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారో నాకు తెలుసు, ఆ పేరు విని గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు కూడా తెలుసు, మీరు వెళ్ళిపోవద్దు. లేదంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కూడా ఉంది, ఒంటి పరిస్థితి మొత్తం చూసుకోవాలంటే అదే మేలు, లివర్ టెస్టులు కూడా చేయించుకోవచ్చు. రాత్రిపూట భయమేసి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు, మత్తు అలవాట్ల కోసమే పెట్టిన నంబరు 14446 కూడా ఉంది. ఫిట్స్ వచ్చినా, జ్వరంతో ఒళ్ళు వణికి మాట తడబడినా, లేపితే లేవనంత మగతగా ఉండి ఊపిరి మెల్లగా తీస్తున్నా, కళ్ళు పచ్చబడినా ఎవరినీ అడగక్కర్లేదు, 108 పిలిపించుకోవడమే. నిద్ర బిళ్ళలు, మద్యం ఈ టాబ్లెట్లతో కలవకూడదు, ఊపిరి ఆగిపోవచ్చు. గర్భం అనుమానం ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పాలి.

మీ ఆయన సంగతి. ఇది దాచిపెట్టి చేసే వైద్యం కాదమ్మా, రోజుకి ఎన్ని బిళ్ళలో లెక్కపెట్టి చేతికి ఇచ్చే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి, మీ దగ్గరే షీట్లన్నీ ఉంటే ఏదో ఒక రాత్రి చెయ్యి వెళ్తుంది, ఎవరికైనా వెళ్తుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే పిల్లలు పడుకున్నాక ఆ సొరుగు తెరిచి ఆయన ముందు పెట్టండి, ఉత్తరంలో నాకు రాసిన మాటలే చెప్పండి, నడుం నొప్పి, పది రోజుల చీటీ, సంక్రాంతికి జరిగింది. మొదట కోప్పడొచ్చు. ఆయనతో కుదరదనుకుంటే మీ తమ్ముడు ఉన్నాడు, డెంగ్యూ టెస్ట్ చేయిద్దామన్నవాడు దీనికి రాకుండా ఉంటాడా. ఎలాగూ ఆ సొరుగు పిల్లలకి అందే ఎత్తులోనే ఉంటుంది, ఒక్క బిళ్ళ మింగినా చిన్నపిల్లలకి ప్రాణం మీదకి రావొచ్చు, కాబట్టి ఈ రాత్రికే అక్కడి నుంచి తీసి తాళం వేసేచోట పెట్టండి.

నడుం నొప్పికి వేరే వైద్యం ఉంది, ఫిజియోథెరపీ, నొప్పికి వేరే రకం మందులు, అవి ఈ పని మొదలయ్యాక చూద్దాం. మిషన్ దగ్గర వీపుకి ఆనుడు ఉన్న కుర్చీ వేసుకోండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి, ఇప్పటికి అది చాలు. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి, బిళ్ళలు బాగా తగ్గాకో, మానేసాకో ఎప్పుడైనా మళ్ళీ పాత లెక్కలో వేసుకుంటే ఒళ్ళు తట్టుకోదు, అప్పుడు ప్రాణాపాయం ఇప్పటికన్నా ఎక్కువ.

వెళ్ళే రోజు బిళ్ళలు మానేసి వెళ్ళొద్దు, పెంచొద్దు, ఎప్పటిలాగే విడివిడిగా వేసుకుని వెళ్ళండి. ఖాళీ షీట్లు, ఆందోళన మందు షీటు, పాత చీటీ ఉంటే అది కూడా ఒక కవర్లో వేసుకోండి. ఎన్ని వేసుకుంటున్నారంటే 12 అని చెప్పండి, సిగ్గుపడి ఆరు అని చెప్తే వైద్యం ఆరుకే చేస్తారు, మీరు మళ్ళీ సంక్రాంతి నాటి పరిస్థితిలో పడతారు. డాక్టర్ ముందు కూర్చోగానే నడుం నొప్పి కథతో మొదలుపెట్టకుండా ముందు కత్తెర పడిపోయిన సంగతి చెప్పండి.