హామ్ రేడియో మొదలుపెట్టాలంటే ముందు ఏ సెట్ కొనాలి?

ఇంజినీరింగ్ చదవలేదు, హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని, సొంత సెట్‌తో దూరంవాళ్లతో సరదాగా మాట్లాడే రేడియో) నేర్చుకోవాలని ఉంది, ముందు ఏ సెట్ కొనాలి అని అడిగారు. ముందు ఏ సెట్టూ కొనకండి, వినడం మొదలుపెట్టండి. లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం ఎలాగూ నేరం.

నెట్‌లో వెబ్‌ఎస్‌డీఆర్ అని వెతికితే, ఎక్కడో ఒక హామ్ (ఈ రేడియో నడిపేవాళ్లని అలా అంటారు) పెట్టిన రిసీవర్‌ని మీ ఫోన్‌లోనే ట్యూన్ చేసుకోవచ్చు. సాయంత్రంపూట 7 మెగాహెర్ట్జ్ పైన, ఎల్‌ఎస్‌బీ మోడ్‌లో (అక్కడ మాటలు వినడానికి వాడే సెట్టింగ్) పెట్టండి. మొదట ముక్కుతో గొణిగినట్టు ఏదో వినిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ కొద్దికొద్దిగా జరుపుతూ పోతే, ఒకచోట ఆ గొణుగుడు కాస్తా మామూలు మనిషి గొంతైపోతుంది. నాకు ఈ పిచ్చి పట్టుకుంది అక్కడే. కొన్నాళ్లు అలా వింటే కాల్‌సైన్ (ప్రతి హామ్‌కీ ఇచ్చే గుర్తింపు పేరు) ఎలా పలకాలో, మాటల మధ్య ఎప్పుడు అందుకోవాలో దానంతటదే వచ్చేస్తుంది.

పరీక్ష గురించి టెన్షన్ వద్దు. నేను బీకామ్. ఓమ్స్ లా, ఫ్రీక్వెన్సీకీ తరంగదైర్ఘ్యానికీ ఉన్న లెక్క, యాంటెన్నాలు, రూల్స్... కూర్చుని చదివితే వచ్చేవే. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్స్ ఇస్తుంది, సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్లై చేయాలి. లైసెన్స్‌లో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే రకానికి మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు, దాంతోనే మొదలుపెట్టండి. హైదరాబాద్‌కి దగ్గరైతే 1983లో పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో అడగండి. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పోయిన అండమాన్ నుంచి మనవాళ్ల క్షేమ సమాచారాలు వాళ్ల రేడియో మీదే బయటికి వచ్చాయి. దీన్ని కాలక్షేపం అని తీసిపారేసేవాళ్లకి నేను ఈ సంగతే చెబుతాను.

లైసెన్స్ వచ్చాక చాలామంది చేతిలో పట్టే చిన్న వీహెచ్‌ఎఫ్ సెట్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, మామూలుగా దగ్గరి దూరాలకి పనికొచ్చేది) కొంటారు. చుట్టుపక్కల రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని ఇంకా దూరానికి మళ్లీ పంపే స్టేషన్) లేకపోతే దాంతో మాట్లాడేవాళ్లే దొరకరు, కాబట్టి ముందు అది కనుక్కోండి. నా ఓటు మాత్రం 40 మీటర్ల బ్యాండ్‌కే, అంటే పైన చెప్పిన 7 మెగాహెర్ట్జ్‌కే. సెట్ సెకండ్ హ్యాండ్‌లో చూసుకోండి. యాంటెన్నా మీరే కట్టుకోవచ్చు: మామూలు రాగి వైరు, అటు పది మీటర్లు ఇటు పది మీటర్లు, మధ్యలోంచి సెట్ దాకా కోయాక్స్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది). వైరు కాస్త పొడుగ్గానే కోసుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా సెట్‌కి ఎంత బాగా కుదిరిందో చూపేది) చూస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించుకుంటూ రండి. నేను వాటర్ ట్యాంక్ నుంచి కొబ్బరిచెట్టుకి కట్టాను. ఎక్కడ కట్టినా కరెంటు తీగలకి బాగా దూరంగా, వైరు తెగి పడినా వాటికి తగలనంత దూరంలో ఉండాలి.